దిల్‌సుఖ్‌నగర్‌లో గోల్ఫ్ నేర్పే మామయ్య

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసి మా వీధిలో అందరూ చార్మినార్ ఎలా ఉందని అడుగుతున్నారు. నేను చార్మినార్ చూడలేదు. మ్యూజియం కూడా చూడలేదు. ఎనిమిది రోజుల్లో నేను చూసింది ఊరికి తూర్పు చివర రెండు పేటలు, చెరువు వెనక ఒక రాళ్ళ మైదానం, అందులో మూడు నల్లటి ఇసుక వలయాలు. అవి చూడటానికి ఎవరూ పనిగట్టుకుని వెళ్ళరు కాబట్టే రాస్తున్నాను.

వెళ్ళడానికి కారణం ఒక ఉత్తరం. మా అమ్మ పుట్టిల్లు మెదక్ వైపు ఒక పల్లె. మిషన్ స్కూలు టీచరైన నాన్నను చేసుకుని బాపట్ల వచ్చేసింది. ఆమెకు ఒక్కడే తమ్ముడు, దేవదానం మామయ్య. ఆయన గోల్ఫ్ ఆటగాడు. పొడవాటి కర్రతో చిన్న తెల్ల బంతిని కొట్టి, ఎక్కడో దూరాన ఉన్న గుంటలో తక్కువ దెబ్బల్లో వేయాలి. దొరల ఆట. తొమ్మిదేళ్ళప్పుడు దొరల కర్రల సంచి మోసే కాడీగా చేరిన మామయ్య, చూసి చూసి ఆట నేర్చుకుని, పందేలకు ఆడే ప్రొఫెషనల్ అయ్యాడు. తర్వాత సికింద్రాబాదులో ఒక క్లబ్బులో నేర్పే ఉద్యోగం చేశాడు. రెండేళ్ళ క్రితం కొత్త కార్యవర్గం వచ్చి, కుర్ర కోచ్‌ను పెట్టుకుని ఈయన్ను పంపేసింది.

మామయ్యకు చదవడం రాదు. ఇంగ్లీషులో ఉత్తరం వస్తే అక్కడ ఎవరికీ చూపించలేక, మరో కవరులో పెట్టించి అమ్మకు పంపాడు. నేను చదివాను. దక్షిణాన ఒక కొండ ఊళ్ళోని క్లబ్బు సెక్రటరీ ఢిల్లీ వెళ్తూ హైదరాబాదులో ఆగుతాడట. శుక్రవారం ఉదయం మామయ్య ఎవరికైనా పాఠం చెబుతుంటే చూస్తాడట. నచ్చితే నేర్పే ఉద్యోగం, ఉండటానికి క్వార్టరు.

"వాడికి యాభై రెండేళ్ళు. ఇది తప్పితే ఇంకోటి రాదు," అంది అమ్మ. "నువ్వెళ్ళు. ఆ వచ్చినాయన ఏమన్నాడో వాడికి అర్థమయ్యేట్టు చెప్పేవాళ్ళు ఒకరుండాలి."

తెలంగాణ గొడవలు కాస్త చల్లబడ్డాయని పేపరులో రాశారు. అది నమ్మి బయల్దేరాను.

హయత్‌నగర్‌లో దింపేశారు

నాన్న విజయవాడలో బస్సెక్కించి, కండక్టరుకు అప్పజెప్పి వెళ్ళిపోయారు. జగ్గయ్యపేట దాటేదాకా బస్సంతా కబుర్లే. నల్గొండ జిల్లాలోకి రాగానే మా వైపు వాళ్ళ గొంతులు తగ్గాయి. ముందు సీట్లో ఒకాయన భార్యతో "ఇక మాట్లాడకు, పడుకో" అన్నాడు. నోరు విప్పితే ఏ వైపు వాళ్ళో తెలిసిపోతుంది. నేను మామూలుగానే మాట్లాడను. ఆ రోజు మాత్రం బస్సంతా నాలాగే ఉంది.

సూర్యాపేటలో టీ పదిహేను పైసలు. కొట్టతను "ఎన్ని గావాలె?" అంటే ఒక వేలు చూపించాను.

హయత్‌నగర్‌లో బస్సు ఆగిపోయింది. ముందు బంద్ అట. కండక్టరు నా దగ్గరికి వచ్చి, "అమ్మా, బండిని ఇక్కణ్ణుంచే వెనక్కి తిప్పమన్నారు. మళ్ళీ విజయవాడ వచ్చేస్తావా?" అన్నాడు. మంగళవారం సాయంత్రం అది. బస్సులు మళ్ళీ ఎప్పుడు నడుస్తాయో ఎవరికీ తెలియదు, శుక్రవారానికి మామయ్య పక్కన నేనుండాలి. తల అడ్డంగా ఊపి దిగిపోయాను. ఆ ప్రయాణంలో నేను చేసిన ధైర్యం అంతే.

రోడ్డు పక్కన ఒకామె రెండు ఆకుకూరల గంపలు పెట్టుకుని కూర్చుంది. నా పెట్టె వైపు చూసి, "ఏడికి పోవాలె బిడ్డా?" అంది.

"దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాలండీ."

ఆ "అండీ" వినగానే ఆమె అటూ ఇటూ చూసింది. "మెల్లగ మాట్లాడు. నేను గూడ గాడికే. నాతోని రా." లేచి, చిన్న గంప నా చంకలో పెట్టింది. "గిది పట్టుకో. గంప పట్టుకున్నోళ్ళను ఎవ్వరేం అడుగరు." నా పెట్టెను తన గంపలో పెట్టుకుని మీద తోటకూర కప్పింది. పేరు యాదమ్మ. రోజూ ఆ దారినే నడుస్తుందట. మా ఊళ్ళో కూరల మనిషి మూడు వీధులు తిరిగితే అలిసిపోయానంటుంది.

ఎల్బీ నగర్, నోరు లేకుండా

ఎల్బీ నగర్ అని కొత్తగా పిలుస్తున్న ఆ చోట ఇళ్ళకంటే హద్దురాళ్ళే ఎక్కువ. చెట్టు లేదు. సాగర్ రోడ్డు చీలే చోట పాతిక మంది కాలేజీ కుర్రాళ్ళు రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి కూర్చున్నారు. పక్కన ఒక టైరు కాలి పొగ వస్తోంది. "జై తెలంగాణ" అని అరిచి అరిచి గొంతులు బొంగురుపోయాయి.

"ఎవలమ్మా ఈమె?" అన్నాడొకడు.

"నా చెల్లె బిడ్డ."

"పేరేంది?" అని నన్నే అడిగాడు.

"నోరు రాదు నాయినా, పుట్టుకతోనే," అంది యాదమ్మ. "మీరు గిట్ల మీద పడి అరిస్తె ఉన్న చెవులు గూడ పోతయి దానికి."

అందరూ నవ్వారు. ఒకతను లేచి కుండలోంచి నీళ్ళు ముంచి నాకిచ్చాడు. నా వయసువాడే ఉంటాడు. రెండో చేతిలో పుస్తకం, చదువుతున్న చోట వేలు పెట్టి మూసి ఉంది. అట్ట కనిపించలేదు. ఏం పుస్తకమని అడగాలని ఎంత అనిపించిందో! ఎవరితోనైనా మాట్లాడాలని నాకు అనిపించడమే అరుదు. నీళ్ళు తాగి చెంబు ఇచ్చేసి నడిచాను. చాలా దూరం వచ్చాక వెనక్కి తిరిగి చూస్తే పొగ తప్ప ఏమీ కనిపించలేదు.

దిల్‌సుఖ్‌నగర్: ఒక్కటే పళ్ళెం

విజయవాడ రోడ్డు పొడుగునా లారీలు బాగుచేసే షెడ్లు. ఒక షెడ్డు వెనక మామయ్య కిరాయి గది. దారిలో మామయ్య సంగతి మెల్లగా చెబితే, రోజూ చూసే మనిషేనన్న యాదమ్మ వాకిట్లో నిలబడి కేక వేసింది.

"బంతుల సారూ! నీ మూగ కోడల్ని తెచ్చిన, తీస్కో."

"మూగదేంది? మా అక్క బిడ్డ మూగదెట్లయితది?" అంటూ మామయ్య బయటికి వచ్చాడు. "ఆ ఇంట్ల నోరు లేనిది మా బావ ఒక్కడే."

ఏడేళ్ళ తర్వాత చూడటం. బాగా చిక్కిపోయాడు. కుడి చెయ్యి నల్లగా, ఎడమ చెయ్యి మణికట్టు దాకా తెల్లగా ఉంది. గోల్ఫ్ ఆడేవాళ్ళు ఎడమ చేతికే తొడుగు వేసుకుంటారట. వేరే ఎవరిదో చెయ్యి తెచ్చి అతికించినట్టుంది.

మా ఇంట్లో చుట్టం వస్తే ముందు ప్రయాణం ఎలా జరిగిందని అడుగుతాం. ఇక్కడ మొదటి ప్రశ్న "తిన్నవా?" అనే. మామయ్యే జొన్న రొట్టెలు తట్టాడు. పచ్చి పులుసు చేశాడు. మనకు పులుసంటే పొయ్యి మీద మరగాలి. ఇక్కడ చింతపండు నీళ్ళలో కాల్చిన మిరపకాయలు, ఉల్లిపాయ పిసికి, పొయ్యి ఎక్కించకుండానే పోసేస్తారు. రొట్టె నాకు గొంతు దిగలేదు. పులుసు రెండుసార్లు అడిగి పోయించుకున్నాను.

"నువ్వూ కూర్చో మామయ్యా."

"నువ్వు తిను. నాది తర్వాత."

అప్పుడు చూశాను. ఆ గదిలో పళ్ళెం ఒక్కటే. గ్లాసు ఒక్కటే. నేను తిని కడిగి ఇచ్చాక ఆయన వడ్డించుకున్నాడు. గదిలో ఇంకొక మనిషి ఉన్నట్టు గుర్తులేక కాబోలు, గోడ వైపు తిరిగి తిన్నాడు.

ఆయన మంచం షెడ్డులో వేసుకుని గది నాకిచ్చాడు. నేను డైరీలో ఆ రోజు తేదీ వేసి, చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

చెరువు వెనక మైదానం

బుధ, గురువారాలు మైదానంలోనే గడిచాయి. సరూర్‌నగర్ చెరువు వెనక ఒక డాక్టరుగారి బీడు. ఇల్లు కట్టుకునే దాకా వాడుకోమన్నారట. దారి నాకు తెలియకపోయినా మామయ్య నా వెనకే నడిచేవాడు. "నువ్వు ముందు నడు మామయ్యా" అంటే రెండడుగులు ముందుకేసి, మాటల్లో పడి మళ్ళీ వెనకబడేవాడు.

గోల్ఫ్‌లో గుంట చుట్టూ నున్నటి పచ్చిక ఉండాలి. ఈ నేలలో పచ్చిక పెంచడానికి నీళ్ళెక్కడివి? అందుకని గడ్డి బదులు ఇసుక పోసి, గాలికి ఎగరకుండా వాడేసిన ఇంజను నూనె కలిపి చదును చేస్తారు. దాన్ని బ్రౌన్ అంటారు. లారీ షెడ్లవాళ్ళు పారబోసే నూనెను మామయ్య డబ్బాలతో మోసి మూడు బ్రౌన్లు చేసుకున్నాడు. వాటి మీద ఎవరైనా నడిస్తే గోనెపట్టా గుండ్రంగా ఈడ్చి అడుగులు చెరిపేయాలి. ఆ రెండు రోజుల్లో అక్కడ నడిచింది మేమిద్దరమే. మా అడుగులు మేమే చెరుపుకున్నాం.

పని చేస్తూ ఆయన తన సంగతులు చెప్పేవాడు. తెల్లవారుజామున దొరలు లేవకముందు జామకర్రతో ఆడి నేర్చుకున్న రోజులు. ఒకసారి కలకత్తాలో కప్పు గెలిచిన సంగతి.

"లోపట విందు నడుస్తున్నది. మమ్మల్ని లోపటికి రానియ్యరు గదా. నన్ను వరండాల నిలబెట్టి, కప్పు కిటికీలకెళ్ళి ఇయ్యబోయిన్రు."

"కోపం రాలేదా?"

"కోపమెక్కడిది బిడ్డా! కప్పు పెద్దది, చువ్వల నడుమకెళ్ళి పట్టలే. అడ్డం తిప్పిన్రు, నిలువు తిప్పిన్రు. సూటు బూటు ఏసుకున్నోళ్ళంత పరేషాన్. ఆఖరికి వంటాయన వెనక తలుపుకెళ్ళి తెచ్చి చేతిల పెట్టిండు."

చాలా నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత ఆయన గోనెపట్టా మళ్ళీ అందుకున్నాడు.

"గెలిస్తె ఒక్కన్నే గెలిచిన," అన్నాడు మామయ్య. "నేర్పినప్పుడు గట్ల గాదు. ఎదుటోళ్ళ బంతి మొదటిసారి గాల్లకు లేస్తది సూడు, గప్పుడు నాకు కడుపు నిండుతది. రెండేండ్ల సంది ఆకలే."

ఆయనకు మిగిలిన శిష్యుడు ఒక్కరే. మలక్‌పేటలో ఉండే బ్యాంకు ఆఫీసరు, మా వైపు మనిషి. శుక్రవారం పాఠం ఆయనకే చెప్పాలి. గురువారం సాయంత్రం గుర్తుచేద్దామని వెళితే ఇంటికి తాళం. గొడవలకు భయపడి కుటుంబంతో సహా విజయవాడ వెళ్ళిపోయారని పక్కింటివాళ్ళు చెప్పారు.

మామయ్య ఆ తాళం వైపు కాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"నువ్వు నిలబడు."

"నేనా!"

"శిష్యుడు లేకుంట పాఠం ఎట్ల జెప్తా బిడ్డా?"

శుక్రవారం

సెక్రటరీగారు కిరాయి కారులో తొమ్మిదింటికి వచ్చారు. పొడుగు మనిషి, తెల్ల మీసాలు. నాతో ఇంగ్లీషులో, మామయ్యతో హిందీలో మాట్లాడారు. చెట్టు కింద కుర్చీ వేయించుకుని, చిన్న నోటుబుక్కు తెరిచి, మొదలుపెట్టమన్నారు. కూరలమ్మి తిరిగొస్తున్న యాదమ్మ గట్టు మీద గంప దించి కూర్చుంది.

పైట నడుముకు బిగించి కర్ర పట్టుకున్నాను. జారిపోకుండా గట్టిగా అదిమిపట్టాను.

"చేట పట్టుకుని బియ్యం చెరుగుతవ్ గదా? గప్పుడు చేతులు బిగబడ్తయా? గట్లనే పట్టు," అన్నాడు మామయ్య. "ఇగ తల ఎత్తకు. బంతి దిక్కే సూడు. ఆయన దిక్కు సూడకు, నా దిక్కు సూడకు."

అది నాకు చెప్పక్కర్లేదు. నేను పుట్టినప్పటి నుంచీ తల దించుకునే ఉన్నాను.

"సగం ఆట నీకు ఒచ్చే ఉన్నది," అన్నాడు మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా. "మిలిటరీ అఫ్సర్లకు ఈ ఒక్క ముక్క నేర్పడానికి నాకు ఆర్నెల్లు పట్టేది."

మొదటి బంతి కదల్లేదు. రెండోది పక్కకు దొర్లింది. మూడో దెబ్బకు మట్టి లేచింది. మామయ్య విసుక్కోలేదు. ఒకసారి కాలి మడమ కొంచెం జరిపించాడు. ఒకసారి ఊపిరి వదలమన్నాడు. ఎన్నో బంతికో తెలియదు, చేతులకు ఏమీ తగలనట్టు తగిలింది. టక్కుమని శుభ్రమైన చప్పుడు. నేను తల ఎత్తలేదు. గట్టు మీంచి యాదమ్మ కేక వినపడింది.

"ఓయమ్మో! మూగది కొట్టింది! కొంగల మీదికెళ్ళి పోయింది సారూ!"

సెక్రటరీగారు లేచి నిలబడ్డారు. నాతో ఇంగ్లీషులో, "మీ మామయ్య మంచి గురువు. తక్కువ మాట్లాడతాడు," అని నోటుబుక్కులో రాసుకున్నారు. నేను అది మామయ్యకు చెప్పాను. ఆయన ముఖం చూసి, క్వార్టరు ముందు పూలమొక్కలు కూడా ఊహించుకున్నాను.

పాఠం అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. సెక్రటరీగారికి సరదా పుట్టింది. "నేనూ నాలుగు కొడతాను," అన్నారు. డ్రైవరు డిక్కీలోంచి ఆయన కర్రల సంచి తెచ్చి నేల మీద పెట్టాడు.

మామయ్య వంగి ఆ సంచి భుజానికెత్తుకున్నాడు.

ఎవరూ ఎత్తమనలేదు. డ్రైవరు పక్కనే ఉన్నాడు. తొమ్మిదేళ్ళ వయసు నుంచీ అలవాటైన భుజం, సంచి కనిపించగానే దాని కిందికి వెళ్ళిపోయింది. "మామయ్యా, దించెయ్" అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. పరాయి మనిషి ముందు గట్టిగా మాట్లాడటం నా వల్ల కాలేదు. సెక్రటరీగారు ముందు నడిచారు. మామయ్య మూడడుగులు వెనక. ఆయన చెయ్యి చాపకముందే సరైన కర్ర చేతిలో పెట్టాడు. కొట్టేటప్పుడు ఊపిరి కూడా వినపడనంత దూరంలో నిలబడ్డాడు. ఆయన కొట్టిన ప్రతి బంతీ కుడివైపుకు కొట్టుకుపోతోంది. మామయ్య పెదవులు ఒకసారి కదిలి ఆగిపోయాయి. ఆటమధ్యలో అడగనిదే కాడీ మాట్లాడకూడదు.

మూడు బ్రౌన్లూ తిరిగి వచ్చాక సెక్రటరీగారు చాలా సంతోషంగా ఉన్నారు. "అడక్కుండా సరైన కర్ర అందించినవాడు పదేళ్ళలో ఇతనొక్కడే," అని నాతో అన్నారు. ఆదివారం కబురు పంపుతామని మామయ్య భుజం తట్టి వెళ్ళిపోయారు.

సాయంత్రమంతా మామయ్య ఉషారుగా ఉన్నాడు. కొండ మీద చలికి ఎలాంటి కంబళి కావాలో నన్నడిగాడు. నాకేం తెలుసు? పుస్తకాల్లో చదివిన చలి గురించి చెప్పాను.

ఆదివారం

ప్రార్థన నుంచి వచ్చేసరికి సెక్రటరీగారు దిగిన హోటలు జవాను కవరు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. సారు పొద్దున్నే ఢిల్లీ రైలెక్కారని చెప్పి, కవరిచ్చి వెళ్ళిపోయాడు.

మామయ్య కాళ్ళు కడుక్కుని, చొక్కా సర్దుకుని, మంచం మీద కూర్చున్నాడు. "సదువు."

నేను ముందు మనసులో చదువుకున్నాను. నేర్పే ఉద్యోగానికి ఇంకొకరిని అనుకుంటున్నారట. కానీ మామయ్య లాంటి మనిషిని వదులుకోలేరట. క్లబ్బులో నలభై మంది కాడీలున్నారు, వాళ్ళకు సంచి మోయడం, మర్యాదగా మసలడం నేర్పే కాడీ మాస్టర్ పని ఇస్తారట. క్వార్టరు కూడా ఇస్తారట.

ఒక్క మాట మార్చి చదివితే ఆయనకు తెలిసేది కాదు. కొండ ఊరికి వెళ్ళేదాకా సంతోషంగా ఉండేవాడు. కానీ శుక్రవారం ఒకసారి నోరు మూసుకున్నాను. మళ్ళీ మూసుకోలేకపోయాను. ఉన్నది ఉన్నట్టు, ఇంగ్లీషులో ఒక వాక్యం, తెలుగులో ఒక వాక్యం చదివాను.

షెడ్డులో ఎవరో ఇనుము కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగాక మామయ్య అడిగాడు.

"ఆ సంచి నేనెందుకు లేపిన బిడ్డా?"

"నేను చూశాను మామయ్యా. దించెయ్యమని చెప్పలేకపోయాను."

"నువ్వు జెప్పాలనుకునేసరికే భుజం మీద ఉండె." తెల్లగా ఉన్న ఎడమ చేతిని కుడి చేత్తో రుద్దుకున్నాడు. "నాకెరుక గూడ లేదు. చెయ్యి దానంతట అదే పోయింది."

"మాతో బాపట్ల వచ్చెయ్ మామయ్యా. అమ్మ ఎదురుచూస్తుంది."

"గాడికొచ్చి ఎవలకు నేర్పాలె? చేపలకా?"

ఆ పూట ఆయన వండలేదు. నేను చేసిన అన్నం ఇద్దరికీ ఎక్కువైంది.

సోమవారం, ఒక పాఠం

మంగళవారం బస్సులు నడుస్తాయని తెలిసింది. సోమవారం నేను లేచేసరికి మామయ్య మైదానానికి వెళ్ళిపోయాడు. నేర్చుకునేవాళ్ళు ఎవరూ లేరు, అయినా వెళ్ళాడు. తిరిగొచ్చి, "కాయితం తియ్యి. ఆ సారుకు జవాబు రాయాలె," అన్నాడు.

ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను.

"సార్, మీ బంతి కుడిదిక్కు పోతున్నది. మీరు కర్ర దించకముందే కుడి భుజం తిప్పుతున్నరు, అందుకు. నెల రోజులు పెద్ద కర్రలు ముట్టుకోవద్దు. రోజు పొద్దున రెండు కాళ్ళు దగ్గరబెట్టి ఇరవై బంతులు కొట్టుండ్రి. కొట్టినంక ఏడ పడ్డదో అని తల ఎత్తుండ్రి గానీ, కొట్టకముందు ఎత్తొద్దు. నెలకు బంతి సీదా పోతది. పోకపోతె నాకు రాయుండ్రి."

"ఉద్యోగం సంగతి?"

"కాడీ మాస్టర్ పని నాకొద్దని రాయి. కిందికి రాయి. ముందుగాల పాఠం."

రాసి, మొత్తం ఇంగ్లీషులో చదివి వినిపించాను. చదవడం రాకపోయినా ఆ ఆటకు సంబంధించిన ఇంగ్లీషు ఆయనకు బాగా అర్థమవుతుంది. కళ్ళు మూసుకుని విన్నాడు.

"ప్లీజ్ అని ఎన్నిసార్లొచ్చింది?"

"రెండుసార్లు. మర్యాదకని నేనే..."

"తీసెయ్. పాఠంల ప్లీజ్ ఉండదు."

కొట్టివేతలతో పంపడం బాగుండదని తిరగరాద్దామంటే మంచి కాగితం అయిపోయింది. డైరీలోంచి ఒక పేజీ జాగ్రత్తగా చింపి, మళ్ళీ మొదటి నుంచి రాశాను. మామయ్యకు సంతకం వచ్చు. ఆటగాడి సంతకం లేని స్కోరు చీటీ చెల్లదు కనుక అదొక్కటీ చిన్నప్పుడే నేర్చుకున్నాడట. అక్షరం అక్షరం నెమ్మదిగా పెట్టాడు.

"పేరు కింద ఏం రాస్తరు?"

"చేసే పని."

"అయితె రాయి బిడ్డా. గోల్ఫ్ టీచర్."

రాశాను. సిరా ఆరేదాకా కాగితం తన మోకాలి మీదే ఉంచుకున్నాడు. తర్వాత నా వైపు జరిపి, ఆ రెండు మాటలు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమన్నాడు.